క్రేప్ వెయ్యాలంటే ఏ పెనం, ఏ పిండి? మొదటిసారి ప్రయత్నించే హైదరాబాద్ ఇళ్లకు

మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు అమ్మాయి ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆన్‌లైన్ కార్ట్‌లో నాలుగు వస్తువులు పెట్టుకుంది: క్రేప్ ప్యాన్, కరెంటు మీద నడిచే క్రేప్ మేకర్, పిండి పరిచే చెక్క కర్ర, గీతలున్న కొలత గిన్నె.

"ఆంటీ, వీటిలో ఏది కొనాలి? ఇంట్లో క్రేప్స్ వేద్దామని ఉంది."

"మీ ఇంట్లో ఆమ్లెట్ దేంట్లో వేస్తారు?"

"నాన్‌స్టిక్ ఫ్రై ప్యాన్ ఉంది కదా, అంచులు కొంచెం వాలుగా ఉంటాయి. అందులోనే."

"అయితే ముందు దాంట్లో పది వెయ్యి. ఆ తర్వాత కొనాలో వద్దో నీకే తెలుస్తుంది."

ఆ రోజు చెప్పినవి, ఆ తర్వాత రెండు వారాలు తను మెట్ల మీద కనిపించినప్పుడల్లా అడిగినవి, అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి వేసేవాళ్లు కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు. పిండి ఎంత జారుగా ఉంది, ఎంతసేపు నానింది, పెనం ఎంత వేడిగా ఉంది, ఈ మూడూ కుదిరితే మామూలు ప్యాన్‌లో కూడా పట్టుగుడ్డలాంటి క్రేప్ వస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన ప్యాన్ అయినా కాపాడలేదు.

క్రేప్ అంటే ఫ్రాన్స్ వాళ్ల పలచటి అట్టు. మైదా, పాలు, కోడిగుడ్డు, కాస్త వెన్న, అంతే. సోడా ఉండదు, బేకింగ్ పౌడర్ ఉండదు, పులియబెట్టే పని లేదు. ఆ పేరు 'ఉంగరాలు తిరిగిన' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. బాగా కాలిన క్రేప్ అంచు పెనం మీద సన్నగా ముడుచుకుని లేస్తుంది, అది చూస్తే పేరు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. అమెరికా పాన్‌కేక్‌ను, దీన్ని ఒకటే అనుకోవద్దు. అది దిబ్బరొట్టె వైపు చుట్టమైతే, ఇది రవ్వ దోసె వైపు చుట్టం.

దోసె చెయ్యి ఎంతవరకు పనికొస్తుంది

దోసెలు బాగా వచ్చినవాళ్లకు క్రేప్ ఎంత పని అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మొదటిసారి మా ఇనప దోసె పెనం బాగా కాల్చి, నీళ్లు చిలకరించి, కోసిన ఉల్లిగడ్డతో రుద్ది, గరిటెడు పిండి మధ్యలో పోసి గుండ్రంగా తిప్పాను. రెండో చుట్టు తిరిగేలోపే అడుగు పొర గట్టిపడిపోయింది. గరిటె ఎటు పోతే అటు ఆ పొర మడత పడుతూ చుట్టుకుపోయింది. పక్కన నిలబడి చూస్తున్న మా అమ్మ, "ఇది తిప్పే పిండి కాదే, రవ్వ దోసెలాగా పొయ్యాలేమో" అంది.

అమ్మ చెప్పినదాంట్లో విషయం ఉంది. దోసె పిండిలో ఉండేవి బియ్యం, మినప్పప్పు. అది పెనాన్ని పట్టుకునేలోపు మనకు నాలుగైదు చుట్లు తిప్పే వ్యవధి ఇస్తుంది. క్రేప్ పిండిలో గుడ్డు ఉంది. 60 డిగ్రీలు దాటితే గుడ్డు గట్టిపడటం మొదలవుతుంది, దోసె పెనం వేడి అంతకంటే చాలా ఎక్కువ. అందుకే పిండి తగలగానే అతుక్కుంటుంది. గరిటె అడుగుతో నొక్కి పరిచే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇళ్లలో ఫ్రెంచివాళ్లు చేసే పని వేరు: పిండి పోసి, ప్యాన్‌నే చేత్తో ఎత్తి చుట్టూ వంచుతారు. పిండి దానంతటదే పారి అడుగంతా పరుచుకుంటుంది.

అలాగని వాళ్లలో పిండి పరిచేవాళ్లు లేరని కాదు. క్రేప్‌లకు పుట్టిల్లు ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ. అక్కడి క్రేప్ దుకాణాల్లో 40 సెంటీమీటర్ల వెడల్పుండే గుండ్రటి పోత ఇనుము పెనం వాడతారు, దాన్ని బిలిగ్ అంటారు. దానికి అంచు ఉండదు, అచ్చం మన హోటల్ దోసె పెనంలాగే ఉంటుంది. పిండి పరచడానికి 'టి' ఆకారంలో ఉండే చెక్క కర్ర ఉంటుంది, పేరు రోజెల్. ఆ కర్రను నొక్కరు. పిండి పైపైన తేలుతున్నట్టు, మణికట్టు మాత్రమే కదుపుతూ తిప్పుతారు. మన గరిటె అడుగు బోర్లా గుండ్రంగా ఉంటుంది కాబట్టి మధ్యలో నొక్కుతుంది. ఆ కర్ర తిన్నగా ఉంటుంది కాబట్టి అంతటా ఒకేలా తాకుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. దోసె చెయ్యి ఉన్నవాళ్లు ఈ పద్ధతి తొందరగానే పట్టుకుంటారు, కానీ అది రెండో మెట్టు. మొదటి మెట్టులో ప్యాన్ వంచడమే నేర్చుకోండి.

ఏ పెనం

ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇంట్లో ఉన్న నాన్‌స్టిక్ ఫ్రై ప్యాన్, అడుగు భాగం 22 నుంచి 24 సెంటీమీటర్లు, అంచు పొట్టిగా వాలుగా ఉన్నది: కొత్తవాళ్లకు ఇదే నా ఓటు. తేలికగా ఉంటుంది కాబట్టి ఒక చేత్తో ఎత్తి వంచొచ్చు. అంచు ఉంటుంది కాబట్టి పిండి బయటికి కారదు. అతుక్కోదు కాబట్టి మొదటి రోజే తిప్పడం నేర్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. నాన్‌స్టిక్ పూతకు 260 డిగ్రీలు దాటితే చెడిపోయే గుణం ఉంది, ఖాళీ ప్యాన్ పెద్ద మంట మీద పెట్టి మరిచిపోతే అక్కడికి చేరడానికి ఎక్కువసేపు పట్టదు. క్రేప్‌కు అంత వేడి అక్కర్లేదు కూడా. మీడియం మంట చాలు. ఇనప అట్లకాడ పక్కన పెట్టి, చెక్కదో సిలికాన్‌దో వాడండి. పూత గీతలు పడి లేచిపోతున్న పాత ప్యాన్ అయితే మాత్రం దీనికి వద్దు. గీత పడ్డ చోటల్లా క్రేప్ పట్టుకుని చిరుగుతుంది.

నాన్‌స్టిక్ దోసె పెనం: చాలా ఇళ్లలో ఉండేది ఇదే. అంచు ఉండదు లేదా ఉన్నా లేనట్టే ఉంటుంది. వంచితే పిండి స్టవ్ మీదికి కారుతుంది. కొంచెం తక్కువ పిండి పోసి, 20 సెంటీమీటర్ల క్రేప్‌తో తృప్తిపడితే పని జరుగుతుంది. రోజెల్ కర్ర కొనే ఆలోచన ఉంటే మాత్రం దానికి సరైన జోడీ ఇదే. ఇంత చదునైన పెనం మీదే ఆ కర్ర తిరుగుతుంది.

పోత ఇనుము పెనం: రుచికి, రంగుకి దీన్ని మించింది లేదు. వేడి నిలబెట్టుకుంటుంది, చల్లటి పిండి పడినా చల్లబడిపోదు. బంగారు రంగు మచ్చలు లేస్ డిజైన్‌లాగా వస్తాయి. కానీ బరువు. ఒక చేత్తో ఎత్తి గుండ్రంగా వంచడం అందరి మణికట్టు వల్లా కాదు. పైగా నూనె పట్టి పదునెక్కని పెనమైతే మొదటి నాలుగు క్రేప్‌లూ అతుక్కుంటాయి. మీ అమ్మగారో అత్తగారో ఇరవై ఏళ్లుగా దోసెలు పోసి నల్లగా నిగనిగలాడించిన పెనం ఇంట్లో ఉందా? అది ఏ ఫ్రెంచ్ పెనానికీ తీసిపోదు. ఒకటే గుర్తుంచుకోండి, సన్న మంట మీద నిదానంగా కాలనివ్వండి. ఒక్కసారి వేడెక్కితే అంత తొందరగా దిగదు.

ఇనప రేకు పెనం, అంచున్నది: ఫ్రాన్స్ ఇళ్లలో తరతరాలుగా వాడుతున్న క్రేప్ ప్యాన్ ఈ రకందే. పలచటి ఉక్కు, పొట్టి అంచు, పొడుగు పిడి. మన దగ్గర బేగంబజార్ పాత్రల దుకాణాల్లోనూ, సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపూ వెతికితే దీనికి దగ్గరగా ఉండేవి దొరుకుతాయి. కొనేటప్పుడు దుకాణం కౌంటర్ మీద పెట్టి చూడండి. అడుగు చదునుగా ఉండాలి, ఊగకూడదు. ఊగిందంటే మధ్యలో ఉబ్బు ఉన్నట్టే, పిండి అంతా ఒక పక్కకు జారిపోతుంది. ఇంటికి తెచ్చాక నూనె రాసి కాల్చి పదును పెట్టుకోవాలి. వానాకాలంలో కడిగి అలా వదిలేస్తే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. కడగ్గానే పొయ్యి మీద ఆరబెట్టి నూనె గుడ్డతో తుడిచి పెట్టాలి. నెలకు రెండు మూడు సార్లు క్రేప్‌లు వేసే ఇంటికి ఇది మంచి పెట్టుబడి. ఏడాదికి రెండు సార్లయితే అనవసరం.

కరెంటు క్రేప్ మేకర్: రెండు రకాలున్నాయి. ఒకటి చదునైన పళ్లెం, కర్రతో పరుచుకోవాలి. రెండోది ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని మొహాన్ని పళ్లెంలోని పిండిలో ముంచి తీస్తే పలచటి పొర అంటుకుని కాలుతుంది. ముంచే రకంతో తప్పు పోవడం కష్టం, నిజమే. కానీ వచ్చేవి చిన్న క్రేప్‌లు, పైగా మందం మన చేతిలో ఉండదు. ప్లేటు పైకి ఉబ్బి ఉంటుంది కాబట్టి దాని మీదే గుడ్డు కొట్టి, చీజ్ వేసి మడవడం కుదరదు. గ్యాస్ లేని హాస్టల్ గదికి, లేదా పిల్లల పుట్టినరోజుకు నలభై వెయ్యాల్సిన ఇంటికి సరే. మామూలు ఇంట్లో ఇది అటక మీదికి వెళ్లే వస్తువు. ఆ అమ్మాయితో కార్ట్‌లోంచి మొదట తీయించింది దీన్నే.

ఇండక్షన్ స్టవ్ మీద వేసేవాళ్లకు ఒక మాట. ప్యాన్ అడుగుకు అయస్కాంతం అంటుకోవాలి, లేకపోతే అసలు వేడే ఎక్కదు. ఇండక్షన్ వేడి కాయిల్ ఉన్న మేరకే వస్తుంది కాబట్టి పెద్ద ప్యాన్ పెడితే మధ్యలో గోధుమ రంగు, అంచుల్లో తెల్లగా ఉంటుంది. 22 సెంటీమీటర్ల ప్యాన్ తీసుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ఏ పిండి

మైదా, గోధుమపిండి, కుట్టు (బక్‌వీట్) పిండి: మన ముందున్నవి ఈ మూడు.

మొదటి రెండు మూడు సార్లు మైదాతోనే వెయ్యండి. మైదా రోజూ తినేది కాదని తెలుసు, నేనూ రోజూ వెయ్యమనడం లేదు. చెయ్యి కుదిరే వరకు పిండి వల్ల వచ్చే తప్పు ఏదో, చేతి వల్ల వచ్చే తప్పు ఏదో తేలాలంటే మైదా అవసరం. సాగుతుంది, చిరగదు, మడిచినా విరగదు.

గోధుమపిండితో చేస్తే రుచి చపాతీ వైపు వెళుతుంది. మన చక్కీ ఆటా మైదా కంటే ఎక్కువ తడి పీలుస్తుంది, కాబట్టి మైదాకు 250 మిల్లీలీటర్ల పాలు పట్టే చోట దీనికి 300 దాటుతాయి. కలిపినప్పుడు సరిగ్గానే ఉన్న పిండి గంట తర్వాత గట్టిపడి ఉంటుంది, అప్పుడు మళ్లీ పాలు పొయ్యాలి. సగం మైదా, సగం ఆటా కలపడం నాకు నచ్చిన మధ్యేమార్గం. మా ఇంట్లో ఇప్పుడు తీపి క్రేప్‌లకు అదే.

కుట్టు పిండి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బ్రిటనీ అసలు రుచి ఇందులోనే ఉంది. ఫ్రెంచివాళ్లు దీన్ని నల్ల గోధుమ అంటారు కానీ దీనికి గోధుమతో చుట్టరికం లేదు. అసలు గడ్డి జాతే కాదు, మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క గింజ. బ్రిటనీలో సారం లేని నేలల్లో గోధుమ సరిగా పండని చోట ఇది పండింది, పేదల రొట్టె అయింది. అక్కడ తీపి అట్టు గోధుమపిండితో, కారం-ఉప్పు అట్టు ఈ నల్ల పిండితో వేస్తారు. బ్రిటనీ తూర్పు వైపు వాళ్లు ఈ నల్ల అట్టును గాలెట్ అంటారు, పడమటి వైపు వాళ్లు దాన్నీ క్రేప్ అనే పిలుస్తారు. పాతకాలం పద్ధతిలో పిండి, నీళ్లు, ఉప్పు తప్ప ఇంకేమీ ఉండవు.

మన దగ్గర కుట్టు పిండి ఉత్తరాది వాళ్ల నవరాత్రి ఉపవాసాల సరుకు. బేగంబజార్ కిరాణా దుకాణాల్లో దసరా ముందు సులువుగా దొరుకుతుంది, మిగతా రోజుల్లో అడగాలి. కొనేటప్పుడు తేదీ తప్పకుండా చూడండి. ఈ పిండి తొందరగా పాడవుతుంది, పాడైన కుట్టు తిని జనం ఆసుపత్రి పాలైన వార్తలు నవరాత్రుల్లో వస్తూనే ఉంటాయి. విడిగా పోసి అమ్మేది వద్దు, చిన్న సీల్డ్ ప్యాకెట్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. విప్పగానే కమురు వాసనో చేదు వాసనో వస్తే పారేయండి. గ్లూటెన్ పడనివాళ్లు ప్యాకెట్ మీద ఇంకేం పిండి కలిపారో కూడా చదవాలి. కొందరికి కుట్టే పడదు, మొదటిసారి కొంచెం తిని చూడటం మంచిది.

గ్లూటెన్ లేదు కాబట్టి ఇది సాగదు, ఎత్తబోతే ముక్కలవుతుంది. కొత్తగా వేసేవాళ్లు కుట్టు సగం, మైదా సగం కలిపి ఒక గుడ్డు కొట్టండి. వంద గ్రాముల పిండికి 220 మిల్లీలీటర్ల దాకా నీళ్లు పడతాయి. వీలైతే రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పెనం మైదా క్రేప్ కంటే ఎక్కువ వేడిగా ఉండాలి, అందుకే ఇది ఇనప పెనం మీదే బాగుంటుంది. ఆ వేడికి పిండిలోంచి వచ్చే వాసన వేయించిన పల్లీలకు దగ్గరగా ఉంటుంది.

గుడ్డుతోనా, గుడ్డు లేకుండానా

గుడ్డు తినే ఇల్లయితే గుడ్డుతోనే మొదలుపెట్టండి. క్రేప్‌ను పలచగా ఉంచి కూడా చిరగకుండా పట్టి ఉంచేది అదే. గుడ్డు లేకుండా అసలు రాదని మాత్రం కాదు. శ్రావణంలో, కార్తీకంలో మా ఇంట్లో గుడ్డు ముట్టం, అప్పుడు ఇలా చేస్తాను: మైదా 100 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 25 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, కరిగించిన వెన్న 25 గ్రాములు, చిటికెడు ఉప్పు. పరిమాణం చిన్నగా, 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉండనివ్వాలి. తిప్పే ముందు గుడ్డు క్రేప్ కంటే అర నిమిషం ఎక్కువ కాలనివ్వాలి, వెడల్పాటి అట్లకాడతో ఎత్తాలి. రంగు కొంచెం తక్కువ వస్తుంది, రుచికి లోటుండదు.

కొలత, కలిపే తీరు

గుడ్డుతో వేసేదానికి నేను వాడే కొలత: మైదా 125 గ్రాములు, అంటే మామూలు కొలత కప్పుతో ఒకటి. గుడ్లు రెండు. పాలు 250 మిల్లీలీటర్లు, చివర్లో సరిచూసుకోవడానికి ఇంకో 50. కరిగించిన వెన్న 25 గ్రాములు. చిటికెడు ఉప్పు. తీపి క్రేప్ అయితే పెద్ద చెంచాడు చక్కెర, అంతకంటే ఎక్కువ వేస్తే తొందరగా మాడుతుంది. దీంతో ఎనిమిదో తొమ్మిదో వస్తాయి.

విస్క్‌తో కలపాలా, మిక్సీలో తిప్పాలా? మిక్సీలో ఒక్క ఉండ కూడా ఉండదు, కానీ గాలి చేరి నురగ వస్తుంది. నానబెట్టకుండా వేస్తే ఆ బుడగలు పగిలి క్రేప్ నిండా చిల్లులు పడతాయి. చేత్తో కలిపితే నురగ తక్కువ, ఉండల భయం ఎక్కువ. ఆ భయం పోవడానికి మార్గం మజ్జిగ పులుసు పెట్టేవాళ్లందరికీ తెలిసిందే. శనగపిండిని మజ్జిగంతా ఒకేసారి పోసి కలపం కదా, ముందు కొంచెం నీళ్లతో ముద్దలా చేసి, తర్వాత పలచన చేస్తాం. ఇక్కడా అంతే. మైదా మధ్యలో గుంట చేసి గుడ్లు కొట్టి, కొద్దిగా పాలు పోసి, చిక్కటి ముద్దగా ఉండగానే బాగా గిలక్కొట్టాలి. ఆ చిక్కదనంలోనే ఉండలు చితికిపోతాయి. తర్వాత మిగతా పాలు మెల్లగా పోస్తూ పోవాలి. చివర్లో వెన్న. పాలు కాచి పూర్తిగా చల్లారినవే వాడండి, వేడిగా ఉంటే గుడ్డు విరుగుతుంది. టోన్డ్ పాలా, ఫుల్ క్రీమా అని ఆలోచించక్కర్లేదు, ఏవైనా బాగుంటాయి.

వెన్న విషయంలో ఒక శుభవార్త. మన ఫ్రిజ్‌లో ఉండే ప్యాకెట్ వెన్నలో ఉప్పు ఉంటుంది, అది తీపి వంటలకు పనికిరాదేమో అని చాలామందికి అనుమానం. బ్రిటనీ వాళ్లు తీపికీ, కారానికీ ఉప్పు వెన్నే వాడతారు. కాబట్టి అదే వెయ్యండి, పిండిలో ఉప్పు మానేయండి. ప్యాన్‌కు రాయడానికి మాత్రం నెయ్యి మేలు. వెన్నలోని పాల గసి వేడికి నల్లబడుతుంది, నెయ్యికి ఆ బాధ లేదు.

కలిపిన పిండి కనీసం అరగంట, వీలైతే గంట నానాలి. మైదా తడి పీల్చుకుంటుంది, కలిపినప్పుడు బిగుసుకున్న సాగుడు సడలుతుంది, బుడగలు పైకి తేలి పోతాయి. ఈ ఒక్క గంటను వదిలేసినవాళ్లకే క్రేప్ రబ్బరులా వస్తుంది. చలికాలంలో అయితే వంటింటి గట్టు మీద మూత పెట్టి ఉంచొచ్చు. ఏప్రిల్, మే నెలల హైదరాబాద్ ఎండలో గుడ్డు, పాలు ఉన్న పిండిని బయట పెట్టొద్దు, ఫ్రిజ్‌లోనే ఉంచండి. నానాక ఒకసారి కలిపి గరిటె ఎత్తి చూడండి. దోసె పిండి కంటే జారుగా, రవ్వ దోసె పిండి కంటే చిక్కగా ఉండాలి. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత ఒక క్షణం నిలబడాలి. వెంటనే కలిసిపోతే చెంచాడు మైదా, అసలు కదలకపోతే రెండు చెంచాల పాలు.

పొయ్యి దగ్గర

ప్యాన్ మీడియం మంట మీద రెండు మూడు నిమిషాలు వేడెక్కాక ఒక నీటి చుక్క వెయ్యండి. చుయ్‌మని రెండు మూడు సెకన్లలో ఆరిపోతే సరైన వేడి. ముత్యంలా గుండ్రంగా పరుగులు పెడితే ఎక్కువైంది, దించి కాసేపు ఆగండి. కదలకుండా కూర్చుంటే ఇంకా ఎక్కలేదు. నెయ్యి చుక్క వేసి టిష్యూతో తుడిచెయ్యండి, మెరుపు మాత్రమే మిగలాలి. నెయ్యి మడుగు కట్టిన చోట పిండి నిలవదు.

ఇప్పుడు కుడిచేతిలో గరిటె, ఎడమచేతిలో ప్యాన్ పిడి. ప్యాన్‌ను మంట మీంచి పైకి ఎత్తండి. 50 మిల్లీలీటర్ల పిండి, అంటే చిన్న గరిటెడు, మధ్యలో ఒకేసారి పోసి, పోసీ పొయ్యగానే ప్యాన్‌ను ముందుకు, కుడికి, వెనక్కి, ఎడమకు వంచండి. మూడు సెకన్ల పని. గాల్లో ఎందుకంటే, మంట మీదే ఉంచితే పిండి పారేలోపే అడుగు పడుతుంది. ఎక్కడైనా ఖాళీ మిగిలితే గరిటె కొసనున్న చుక్కతో మాట్లు వెయ్యండి.

మళ్లీ మంట మీద పెట్టాక దాన్ని చూస్తూ ఉండండి. ముందు పైన తడిగా మెరుస్తుంది. ఇరవై సెకన్లకు ఆ మెరుపు అంచుల నుంచి మధ్యకు తగ్గుతూ వస్తుంది. అంచు సన్నగా గోధుమ రంగు తిరిగి, ప్యాన్ నుంచి విడిపోయి పైకి ముడుచుకుంటుంది. చెవి పెడితే చిటపట శబ్దం కూడా తగ్గుతుంది, అంటే తడి పోయింది. ప్యాన్ కొంచెం ఊపితే అట్టు మొత్తం ఒకటిగా జారాలి. జారిందంటే తిప్పే వేళయింది. అట్లకాడ అంచు కిందికి దూర్చి, పైన రెండు వేళ్లతో పట్టుకుని తిరగెయ్యండి. రెండో వైపు పాతిక సెకన్లు చాలు, అటు మచ్చలు మచ్చలుగా వస్తుంది, అది లోపలి వైపు.

గాల్లోకి ఎగరేసి తిప్పడం తర్వాత నేర్చుకోవచ్చు. ఫ్రాన్స్‌లో ఫిబ్రవరి 2న షాందలర్ అనే పండగ వస్తుంది, క్రిస్మస్ అయిన నలభయ్యో రోజు. ఆ రోజు ఇంటింటా క్రేప్‌లే. ఒక చేతిలో నాణెం పట్టుకుని రెండో చేత్తో క్రేప్ ఎగరేస్తారు, అది సరిగ్గా ప్యాన్‌లోకి పడితే ఆ ఏడాది డబ్బుకు లోటుండదని నమ్మకం.

మొదటి అట్టు పోయినా కంగారు పడొద్దు. దోసెల్లోనూ మొదటిది పెనం కోసమే కదా. వేడి, నెయ్యి, పిండి చిక్కదనం మూడూ ఆ ఒక్కదానితోనే తేలిపోతాయి. చిల్లులు పడితే మంట ఎక్కువ. పిండి పారకుండా మందంగా కూర్చుంటే పిండి గట్టిగా ఉంది. తెల్లగా, మెత్తగా, ఎత్తబోతే చిరిగిపోతుంటే వేడి చాలలేదు, లేదా తొందరపడ్డారు.

లోపల ఏం పెట్టాలి

తీపిలో మొదటి రోజు వెన్న, చక్కెర మాత్రమే పెట్టి తినండి. ఫ్రాన్స్‌లోనూ ఎక్కువమందికి ఇష్టమైనది అదే. నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే ఇంకా బాగుంటుంది. చాక్లెట్ స్ప్రెడ్ పిల్లలకు ఎలాగూ కావాలి, కానీ దాని ముందు క్రేప్ రుచి తెలియదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మన హైదరాబాద్ ఖుబానీ. ఎండు ఖుబానీలు రాత్రి నానబెట్టి, గింజ తీసి, చక్కెరతో చిక్కగా ఉడికించి, చల్లార్చి పలచగా రాసి, నాలుగు మడతలు వేసి పైన మీగడ. పెళ్లి విందులో గిన్నెలో తినేదానికంటే చిక్కగా ఉండాలి, పాకం జారితే మడతలోంచి కారిపోతుంది. గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లుకునేవాళ్లు తియ్యటి పప్పే చూసి వేసుకోండి, చేదుగా ఉంటే వద్దు. వానాకాలం వెళ్లే రోజుల్లో సీతాఫలం గుజ్జు, మీగడ. మే నెలలో బంగినపల్లి ముక్కలు. ఈ రెండిటికీ క్రేప్ చల్లారాక పెట్టాలి.

కారంలో బ్రిటనీ వాళ్ల మామూలు పద్ధతి నల్ల అట్టు మీద గుడ్డు, చీజ్, హామ్ పెట్టి నాలుగు వైపులా మడిచి చదరంగా చెయ్యడం, మధ్యలో పచ్చసొన కనబడాలి. హామ్ బదులు పొడిపొడిగా వేయించిన కీమా పెడితే మన నాలుకకు ఇంకా దగ్గరగా ఉంటుంది. పాలకూర, పుట్టగొడుగులు అయితే నీరంతా ఇగిరిపోయేదాకా వేయించాలి. క్రేప్ చాలా పలచన, తడి తగిలితే రెండు నిమిషాల్లో నాని చిరుగుతుంది. ఆలుగడ్డ మసాలా పెట్టాలని అందరికీ అనిపిస్తుంది, నేనూ పెట్టి చూశాను. అది దోసెకే బాగుంటుంది. పులుపు లేని, వెన్న రుచి ఉన్న ఈ అట్టుకు అది బరువైపోయింది.

మిగిలితే ఏం చెయ్యాలన్నది ఆ అమ్మాయి చివరి ప్రశ్న. కాలినవి కాలినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి పైన పళ్లెం బోర్లిస్తే ఆ ఆవిరికి అంచులు కూడా మెత్తబడతాయి, మడవడం సులువు. చల్లారాక గాలి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటాయి. మధ్య మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో దాస్తే నెల దాకా. మళ్లీ వేడి చెయ్యడానికి మైక్రోవేవ్ కంటే పొడి ప్యాన్ మంచిది, ఒక్కో వైపు పావు నిమిషం.

పోయిన ఆదివారం తను ఒక పళ్లెం పట్టుకుని పైకి వచ్చింది. సగం ఆటా, సగం మైదా, వాళ్ల ఆమ్లెట్ ప్యాన్‌లోనే వేసింది. ఏడు ఉన్నాయి, ఐదింటికి అంచు లేస్‌లాగా ముడుచుకుంది. మిగతా రెండూ కొంచెం మందంగా ఉన్నాయి. "పిండి చివరికి వచ్చేసరికి అడుగున చిక్కబడింది ఆంటీ, మధ్యలో కలపలేదు" అని తనే చెప్పింది. కార్ట్‌లో ఇప్పుడు చెక్క కర్ర ఒక్కటే ఉందట.